రాత్రి వంతు

ఆత్మకూరు దాటి, వెంకటాపురం దగ్గర నల్లమలలోకి దిగి శ్రీశైలానికి నడిచిపోయే దారిలో మజిలీలకన్నీ నీళ్ళ పేర్లే. నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను. ఊట, కుంట, చెరువు, బావి, కొలను. మా అవ్వ ఈ ఐదింటినీ వేళ్ళు మడిచి చెప్పేది. ఆమెకు అక్షరం రాదు. అయినా ఈ పేర్లు వరస తప్పకుండా చెబితే సగం యాత్ర చేసినట్టేనని నమ్మేది. ఆ తర్వాత కైలాసద్వారం. అక్కడితో నీళ్ళ పేర్లు అయిపోయి దేవుడి పేరు మొదలవుతుంది.

నీళ్ళు కనపడిన చోట ఆగడం నడిచే మనిషికి సహజం. కర్నూలు, కడప వాళ్ళకైతే అది ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. బిందెల వరసలో పెరిగినవాళ్ళం. నీటి తడి తగిలిన గాలి ముఖానికి కొడితే చాలు, కాళ్ళు వాటంతటవే నిలిచిపోతాయి. నాకు పదహారేళ్ళప్పుడు మా మామ వెంట, ఊరివాళ్ళతో కలిసి ఉగాదికి ఆ దారిన నడిచాను. రాయచూరు, బాగలకోట వైపు నుంచి వచ్చిన కన్నడ భక్తులు మా ముందూ వెనకా మల్లయ్య పాటలు పాడుకుంటూ నడుస్తున్నారు. పెచ్చెరువు చేరేసరికి పొద్దు వాలింది. చెరువు సగానికి పైగా ఎండిపోయి ఉంది. అంచున బురద, బురద దాటాక సన్నటి పచ్చిక, ఆ పచ్చిక మీద చల్లగాలి. అరికాళ్ళ నిండా బొబ్బలు.

"ఈడ్నే దుప్పట్లు పరుసుకుందాం అల్లుడా, చల్లగుంది" అన్నాడు మామ.

అప్పుడు గూడెంలోంచి ఒక చెంచు పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో కర్ర, నడుముకు చిన్న కత్తి.

"సామీ, నీళ్ళు తాగినారు గదా. ఇంక ఇవతలికి రాండి."

"ఈడ పండుకుంటే ఏమైతాది పెద్దాయనా?"

"పగులంతా మీరే తాగినారు. రేత్రి తాగేవోళ్ళు యాడికి పోవాల?"

ఆ మాటకు మామ దగ్గర జవాబు లేదు. పెద్దాయన మమ్మల్ని చెరువు కట్టకు దూరంగా, గూడెం పక్కన రాళ్ళ మిట్ట మీదికి తీసుకుపోయాడు. ఎంత దూరం పోవాలని ఎవరో విసుగ్గా అడిగితే ఆయన చెప్పిన కొలత నాకిప్పటికీ గుర్తుంది. చెరువుకాడ నిలబడి కేకేస్తే మీకు వినపడాల, నీళ్ళకొచ్చినోళ్ళకు మాత్రం మీరు కనపడగూడదు, అంత దూరం. ఒక కేక దూరం అన్నమాట. ఆ తర్వాత అడవుల్లో మకాం గురించి చాలా చదివాను. అడుగుల్లో, మీటర్లలో ఇచ్చిన లెక్కలు చూశాను. ఇంత సరైన కొలత మరెక్కడా కనపడలేదు.

తెల్లవారి నీళ్ళకు పోతే ఆ బురద నిండా రాత్రి రాసిన రాత ఉంది. దుప్పుల గిట్టలు జంటగా, లోతుగా. అడవిపందులు మూతులతో దున్నిన చాలు. ఒకచోట చిన్నపిల్లాడి పాదంలాంటి గుర్తు, దాని ముందు ఐదు గోళ్ళ గీతలు. అది ఎలుగ్గొడ్డుదట. మామ దుప్పటి పరుద్దామన్న పచ్చిక పక్కనే ఒక గుండ్రటి అడుగు. నాలుగు వేళ్ళున్నాయి, గోరు జాడ లేదు. కుక్క అడుగైతే గోళ్ళు పడతాయి, పిల్లిజాతి గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. పెద్దాయన వంగి చూసి "చిరుత. రేత్రిదే" అన్నాడు, మా ఊళ్ళో ఎవరో వచ్చిపోయారని చెప్పినంత మామూలుగా. మామ ఆ దారంతా మరి మాట్లాడలేదు.

నిజానికి పెద్దాయన చెప్పింది మాకు తెలియని ధర్మం కాదు. మాది కె.సి. కాలువ కింది ఊరు. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట వేసి కడప దాకా తవ్వించిన కాలువ అది. మా వైపు నీళ్ళు పలచబడిన ఏడాది వంతులు పడేవి. ఈ మడికి పగలు, ఆ మడికి రాత్రి. వంతు మీరి గండి కొట్టుకున్నవాడితో ఊరు మాట్లాడేది కాదు. వాడింట్లో పెళ్ళికి మేళం పలికేది కాదు. నీళ్ళు తక్కువైన చోట బతకడానికి మా పెద్దలు కనిపెట్టిన ఏకైక ఏర్పాటు వంతు. రాత్రి వంతు పడ్డ రోజు నాయన పార భుజానేసుకుని, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని పోయేవాడు. గట్టు మీద అడుగుకొకసారి కర్రతో నేల మీద కొట్టేవాడు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా అమ్మ వాకిట్లోనే నిలబడేది. కాలువ లేని ఊళ్ళలో బోర్లకు రాత్రిపూట కరెంటు ఇచ్చిన ఏళ్ళలో మోటారు వేయడానికి చీకట్లో పోయి పాము కాటుకు పోయిన రైతులు ఎందరో. పగటి కరెంటు కోసం రైతులు అంత గట్టిగా అడిగింది అందుకే. రాత్రి వంతును ఎవరూ కోరుకోరు. బలం లేనివాడికి అది మిగులుతుంది.

అడవిలో ఆ మిగిలిన వంతు జంతువులది. అవి పుట్టుకతోనే నిశాచరాలని, చీకటి వాటికి ఇష్టమని మనం అనుకుంటాం. కొంత నిజమే. 2018లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆరు ఖండాల్లో జరిగిన 76 అధ్యయనాలను, 62 జాతుల క్షీరదాలను కలిపి చూశారు. సగం పగలూ సగం రాత్రీ తిరిగే జంతువు, మనిషి అలికిడి ఉన్నచోట తన తిరుగుడులో 68 శాతాన్ని రాత్రికి మార్చుకుంటోందని తేలింది. వేటే కానక్కర్లేదు, ఊరికే నడిచి పోయినా అవి పగటిని వదిలేస్తున్నాయి. అంటే ఆ పెచ్చెరువు బురదలో నేను చూసిన రాతలో కొంత మా వల్ల రాత్రికి జరిగినదే. పగటిని ఎలాగూ తీసుకున్నాం. చెరువు గట్టున దుప్పటి పరిస్తే ఆ మిగిలిన రాత్రినీ తీసుకున్నట్టే.

కాలం కూడా చూడండి. శివరాత్రి, ఉగాది రెండూ నల్లమల వాగులు తెగి గుంటలుగా మిగిలే రోజుల్లోనే వస్తాయి. 1983లో పులుల రక్షిత ప్రాంతమైన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిలో 2022 లెక్కల్లో 58 పులులున్నాయని అంచనా వేశారు. వాటికీ, వాటి తిండి అయిన దుప్పికీ కణితికీ, మళ్ళీ ఎలుగుకూ రేసుకుక్కకూ, వేల మంది భక్తులకూ నీళ్ళు అవే. వేసవిలో అటవీశాఖ సిబ్బంది అడవిలో సాసర్ పిట్లు అనే నీటి తొట్లు కట్టి ట్యాంకర్లతో నింపుతారు. వానాకాలంలో వంద చోట్ల తాగే జీవాలు ఫాల్గుణానికి పది చోట్లకు చేరతాయి. కరువు అంచున బతికే మన జిల్లాల్లో తడి నేల అంటే అందరూ వచ్చి తీరవలసిన జాగా. అందువల్ల అక్కడ జంతువు మనిషి మీదికి వస్తే అది దాడి అనిపించుకోదు నా దృష్టిలో. తన బాయి దగ్గర కొత్త మనిషి పడుకుని ఉంటే ఎవరికైనా కలిగే ఉలికిపాటు అది.

ఆ ఉలికిపాటు ఎంత ఖరీదైందో 2025 శివరాత్రికి ముందు చూశాం. ఓబులవారిపల్లె మండలం, 2022 దాకా కడప జిల్లాలోనే ఉన్న ప్రాంతం. శేషాచలం అడవిలో గుండాలకోన దారిన రాత్రి నడుస్తున్న భక్తుల మీదికి ఏనుగులు వచ్చాయి. ముగ్గురు చనిపోయారు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు. మా అవ్వ లాంటి వాళ్ళు, మా మామ లాంటి వాళ్ళు, దేవుడి మీద భారం వేసి నడిచినవాళ్ళు. కడప వైపు కోన అంటే రెండు కొండల నడుమ లోయ, ఆ లోయలో ఊరే నీరు. గుండాలకోన, తలకోన, సిద్దవటం పక్కన నిత్యపూజకోన, అన్నీ అంతే. నీరుంది గనకే అక్కడ లింగం వెలిసింది, నీరుంది గనకే ఏనుగూ వస్తుంది. పెద్ద ఏనుగుకు రోజుకు 100 లీటర్లకు పైగా నీళ్ళు కావాలి. అది నీళ్ళకు పోయే దారిని సులువుగా మార్చుకోదు, తల్లి నడిచిన దారినే పిల్ల నడుస్తుంది. కోనలో దారి ఇరుకు, పక్కకు తప్పుకునే చోటు వాటికీ లేదు, మనకూ లేదు. ఇక్కడ జాగ్రత్తలు చెప్పేటప్పుడు నా గొంతు గట్టిగానే ఉంటుంది. కోనలోకి పొద్దుండగానే పోవాలి, పొద్దుండగానే బయటపడాలి. ఏనుగుల జాడ ఉందని అటవీశాఖ చెబితే ఆ ఏడాది మొక్కు ఊరి గుళ్ళోనే తీర్చుకోవాలి. శివుడు కోపగించుకోడు. తాజా పేడ కనపడినా, కొమ్మలు విరిగిన చప్పుడు వినపడినా వెనక్కి తిరగాలి. టపాసులు పేల్చి, కేకలు పెట్టి అదిలించే పని మనది కాదు, అది నేర్చినవాళ్ళది.

చిరుత సంగతి వేరు. అది చాలావరకు మనల్ని తప్పించుకునే పోతుంది. కానీ దాని కన్ను ఎత్తును చూస్తుంది. నిలబడ్డ మనిషి దానికి వింత జంతువు. కూర్చున్నవాడు, వంగినవాడు, పిల్లవాడు మాత్రం అది ఎరిగిన మేకంత ఉంటారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప పోయిన తర్వాత, పిల్లల్ని మధ్యాహ్నం దాటాక ఆ దారిన పంపకుండా ఆంక్ష పెట్టారు. యాత్రలో నేను చూసిన అసలు ప్రమాదం నడకలో కాదు, తెల్లవారుజామున చెంబు పట్టుకుని ఒంటరిగా పొదల చాటుకు పోవడంలో. సిగ్గు వల్ల ఆడవాళ్ళు ఇంకా దూరం పోతారు, ఇంకా చీకట్లో పోతారు. ఇద్దరు ముగ్గురు కలిసి, టార్చీ వేసుకుని, మాట్లాడుకుంటూ పోవడంలో సిగ్గుపడేదేమీ లేదని ప్రతి గుంపులో ఒక పెద్దామె ముందురోజే చెప్పాలి. పిల్లలు నడుమ నడవాలి, రాత్రి నడుమ పడుకోవాలి.

ఎలుగ్గొడ్డును చెంచులు పులికన్నా ఎక్కువ లెక్కచేస్తారు. దానికి చూపు మందం. పుట్టను తవ్వుతున్నప్పుడో, ఇప్పచెట్టు కింద రాలిన పూలు ఏరుకు తింటున్నప్పుడో ఎవరు వస్తున్నారో గమనించదు, గమనించేసరికి మీద పడుతుంది. ఉగాది రోజులు ఇప్పపూత రోజులే. తీపి వాసన కమ్మగా ఉందని ఆ చెట్టు కింద పడక వేయకూడదు. దారిలో భజన చేస్తూ నడవమని పెద్దలు పెట్టిన ఆచారం భక్తికే కాదు, ఎలుగుకు చెప్పి పోవడానికీ పనికొస్తుంది. నీళ్ళ దగ్గర మాత్రం పాట ఆపాలి.

శ్రీశైలం జలాశయం వెనక నీళ్ళలో మొసళ్ళున్నాయి. నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు ఆ ఒండ్రు మీద ఆటలాడే పిల్లల్ని చూస్తే నాకు గుండె గుబుక్కుమంటుంది. రోజూ ఒకేచోట గిన్నెలు కడగకుండా, మోకాటి లోతుకు దిగకుండా ఉంటే చాలావరకు చాలు.

పాము దగ్గర మాత్రం నేను ఆగి చెప్పాలి. ఎందుకంటే పులి పేరు చెప్పి భయపడే మనం, ఎక్కువమందిని తీసుకుపోయేదాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటాం. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాము కాటు చావులు ఏడాదికి సగటున 58,000 అని పరిశోధకులు అంచనా కట్టారు. తడి నేల పక్కన మకాం వేస్తే లెక్క ఇలా నడుస్తుంది: నీటి అంచున కప్పలు, కప్పల కోసం పాము, మనం విసిరిన ఎంగిలి విస్తర్ల చుట్టూ ఎలుకలు, ఎలుకల కోసం ఇంకో పాము. రాత్రి నేల మీద పడుకున్న మనిషి పక్కలోకి వచ్చేది ముఖ్యంగా కట్లపాము. నల్లగా, మెరుస్తూ, తెల్లటి కట్లతో అందంగా ఉంటుంది. దాని జాతికి శాస్త్రం పెట్టిన పేరు బంగారస్. అది మన బంగారం మాటే. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం వేసిన పాట్రిక్ రస్సెల్, విశాఖ వైపు జనాన్ని అడిగి పాముల తెలుగు పేర్లు తెలుగుగానే రాసుకున్నాడు. మనం రక్తపింజరి అనేదాన్ని ఆయన కాటుక రేకుల పొడ అని నమోదు చేశాడు. ఒంటి మీది నల్ల అంచు మచ్చల్ని కాటుక రేకులుగా చూసిన ఆ పేరులేని మనిషికి ఎంత కన్నుంది! తర్వాత ఆ పాముకు ఇంగ్లీషులో రస్సెల్ పేరే అంటుకుంది.

కట్లపాము కాటుతో చిక్కేమిటంటే అది నొప్పి తెలియనివ్వదు. గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. రాత్రి తిన్న అన్నదానం పడలేదనుకుంటారు, చెరువు నీళ్ళు పడలేదనుకుంటారు, సోడా తాగిస్తారు. ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, చివరకు ఊపిరి ఆగిపోతుంది. మా ఊళ్ళో ఒకాయన రాత్రి వంతుకు పోయి, మడి నిండేలోపల గట్టు మీద కాసేపు నడుం వాల్చాడు. పొద్దున కడుపునొప్పి అన్నాడు. వామువాటర్ పట్టారు, రెప్పలు వాలాక మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయారు. బండి ఆస్పత్రి దారి పట్టేసరికి మధ్యాహ్నమైంది, దారిలోనే పోయాడు. ఆయన చిన్న కూతురు నా ఈడుది. ఆ పొద్దు ఎవరో ఒకరు, ఈ కడుపునొప్పి పాముది కావచ్చు అని అని ఉంటే ఆమె తండ్రి బతికేవాడు. అందుకే నేల మీద పడుకుని లేచినవాడికి కడుపునొప్పీ, రెప్ప వాలడమూ కలిసి వస్తే మరో ఆలోచన లేకుండా 108కి ఫోన్ చేయమని ఎదురైన ప్రతివాళ్ళకూ చెబుతాను. సిగ్నల్ లేకపోతే డోలీ కట్టి మోయాలి. కోయడం, నోటితో పీల్చడం, బిగించి తాడు కట్టడం, పసరు పోయడం, ఇవన్నీ కాలాన్ని తినేసేవే. కాటు పడిన కాలో చెయ్యో కదపకుండా బద్దకు ఆనించి, మనిషిని నడిపించకుండా తీసుకుపోవాలి. విరుగుడు మందు ఆస్పత్రిలో సీసాలో ఉంది. ఆ మందుకు కావలసిన విషంలో పెద్ద భాగాన్ని చెన్నై పక్కన 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం పాములు పట్టి, విషం తీసి, మళ్ళీ వాటిని అడవిలో వదిలి అందిస్తోంది. మన ఊపిరి ఆ చేతుల మీద ఆధారపడి ఉంది.

పడకకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. మిట్ట నేల, గడ్డి లేనిచోటు, దోమతెర అంచులు చాప కిందికి మడవడం. మంచి మడత మంచంకన్నా ఏదీ మేలు కాదు గానీ యాత్రలో దాన్ని ఎవరు మోస్తారు? చెప్పులు తొడిగే ముందు దులపడం, చెయ్యి పెట్టే ముందు చూడడం. నెగడు వేస్తే జంతువులు రావని నమ్మకం పెట్టుకోకూడదు. ఆ ఎండాకులు అంటుకుంటే అడవే పోతుంది. తిండి మూట విప్పి పడుకోకూడదు. ఇంతే.

రాత్రి అడవిలో ఎవరెవరు తిరుగుతారో మనకు పూర్తిగా తెలుసుననుకోవడం కూడా పొరపాటే. కలివికోడిని 1900 తర్వాత ఎవరూ చూడలేదు, లేదనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చీ వెలుగులో పట్టుకుని భరత్ భూషణ్ అనే పక్షి శాస్త్రవేత్తకు చూపించాడు. 86 ఏళ్ళు ఆ పక్షి లంకమల పొదల్లో మన పక్కనే తిరిగింది. మనం పడుకున్న తర్వాత.

పోయినసారి మా పిల్లను తీసుకుని మళ్ళీ నడిచాను. పన్నెండేళ్ళది. పెచ్చెరువు దగ్గర నీళ్ళు తాగి, సీసాలు నింపుకుని, పొద్దు గుంకక ముందే మిట్ట ఎక్కాం. ఆనాటి పెద్దాయన లేడు. ఆయన చెప్పిన దూరాన్ని నేను అడుగులేసి కొలవలేదు, పిల్లను మిట్ట మీద నిలబెట్టి కిందినుంచి కేకేశాను. చెయ్యి ఊపింది. అక్కడ పరిచాం.

అర్ధరాత్రి దాటాక లేచి కూర్చుంది. అంతసేపూ అరుస్తున్న కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి. దూరంగా ఒక కణితి ఒక్క అరుపు అరిచింది. తర్వాత నీళ్ళను నాలుకతో గతికే చప్పుడు, నిదానంగా, తొందర లేకుండా. పిల్ల చెయ్యి టార్చీ మీదికి పోయింది. నేను ఏమీ అనలేదు. కాసేపు అలాగే పట్టుకుని, దాన్ని దుప్పటి కిందికి తోసేసింది.

చాలాసేపటికి కప్పలు మళ్ళీ అందుకున్నాయి.

"వాళ్ళ వంతు అయిపోయిందా నాయనా?"

"ఇంకా లేదమ్మా. పండుకో."